అక్క తలలో తెల్లమచ్చ

వేరుశనగ విత్తనం వలిచే రోజులు వచ్చాయంటే నాకు ఇప్పటికీ బొటనవేలి కొన మండుతున్నట్టే ఉంటుంది. మిషన్లో వేస్తే పప్పు బద్దలైపోతుందని విత్తనానికి కాయలు చేత్తోనే వలిచేవాళ్లం. తొలకరికి ముందు మా వీధిలో ప్రతి గడపలోనూ అదే పని. అక్క చేటెడు వలిచేలోగా నేను దోసెడు వలిచి, అందులో సగం నోట్లో వేసుకునేదాన్ని. "ఇత్తనమంతా నీ కడుపులోకే పోతే భూమిలోకి ఏం పోతాదే పాపా?" అని అక్క నా చేతిమీద ఒక్కటి వేసేది. అలా అంటూనే తన చేటలోంచి లావు పప్పులు ఏరి నా ఒళ్లో పోసేది. అక్క లేకుండా ఆ రోజులు రావడం ఈ ఏడే మొదటిసారి.

అక్క పోయినందుకు ఏడవాల్సినంత ఏడ్చాను. ఆ ఏడుపు ఇక్కడ మళ్లీ మొదలుపెట్టను. అంతకు కొన్నేళ్ల ముందు, ఆమె తలలో కనబడిన ఒక తెల్లమచ్చ ఏమిటో ఏ డాక్టరూ తేల్చలేకపోయిన కాలం ఒకటుంది. ఆ కాలమంతా ఆమె నా ఇంట్లో ఉంది. నా జీవితంలో అంత భయపడిన రోజులు లేవు, అంత సుఖపడిన రోజులూ లేవు. వాటి గురించే రాయాలనిపిస్తోంది.

మా అమ్మ కూలికి పోయేది, నాయన ఎద్దులబండి తోలేవాడు. నన్ను చంకనేసుకుని తిరిగింది, జడలు వేసింది, బడిలో దింపింది అక్కే. నన్ను దింపడానికి తన బడి మానేసింది. ఆ మాట ఎవరైనా ఎత్తితే ఆమెకు నచ్చేది కాదు. "నాకు సదువు రాలేదప్పా, దానికొచ్చింది, అంతే" అని కొట్టిపారేసేది. ఆమెను విడపనకల్లు వైపు ఒక నల్లరేగడి పల్లెకు ఇచ్చారు. ఆ ఊళ్లో సగం మాట తెలుగు, సగం కన్నడం. నేను చదువుకొని అనంతపురంలో ప్రభుత్వ హైస్కూల్లో సైన్సు టీచరునయ్యాను. మా ఆయనది రైల్వే ఉద్యోగం, వారంలో సగం రోజులు గుంతకల్లులోనే. మా అమ్మాయి హాస్టల్లో ఉండి చదువుకునేది. అందుకని ఇంట్లో నాతో గొడవ పెట్టుకోవడానికి ఎవరూ ఉండేవాళ్లు కాదు. నాకు కోపం ఎక్కువ. నా నోరు ముందు పుట్టి నేను తర్వాత పుట్టానని అక్క అందరికీ చెప్పేది. ఆమె నోరేమీ తక్కువది కాదు.

ఒకరోజు పత్తి తీస్తూ తీస్తూ అక్క చేలో పడిపోయింది. కుడిచెయ్యి కొట్టుకుంది, మూతి వంకర పోయింది. గాలి సోకిందని ఊళ్లో కాసేపు అదీ ఇదీ చేసి, చివరకు బావ ఆమెను అనంతపురం తెచ్చాడు. ఇక్కడినుంచి బెంగుళూరు పంపారు. మెదడులో గడ్డ అన్నారు. తీసినంత తీశారు, తీయలేనిదానికి రేడియేషన్ ఇచ్చారు. మా వైపు దాన్ని కరెంటు పెట్టడం అంటారు. ఎడమవైపు జుట్టు రాలిపోయింది గానీ, మాట తిరిగొచ్చింది, చెయ్యి తిరిగొచ్చింది. కరెంటు అయిపోయిన కొన్నాళ్లకు ఒక స్కాన్ తీయించమన్నారు. బెంగుళూరు దాకా ఎందుకని దాన్ని అనంతపురంలోనే తీయించాం. బాగుందన్నారు. అక్క ఊరికి పోయింది, జొన్న విత్తింది.

ఆ పైన కొన్ని నెలలకు, మళ్లీ చూపించుకోవడానికి ముగ్గురం బెంగుళూరు పోయాం. అక్కడ తీసిన కొత్త స్కాన్‌లో, గడ్డ తీసిన గుంత పక్కనే, తెల్లగా ఒక మచ్చ కనబడింది. అనంతపురం ఫిల్ముల్లో చిటికెన వేలి గోరంత ఉంటే, ఆపరేషన్ గుర్తేనని వదిలేసినది ఇప్పుడు చింతగింజ కంటే పెద్దదైంది. పెద్ద డాక్టరు ఫిల్మును లైటు ముందు పెట్టి చూసి, గడ్డ తిరిగొచ్చినట్టుంది, మళ్లీ తల తెరవాలి అన్నాడు. ఆయన అంతకంటే ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. బావ మొహం నల్లబడిపోయింది. నాకేమో ఆ డాక్టరు చొక్కా పట్టుకుని, ఇన్నాళ్లు మీరు పెట్టిన కరెంటు ఏమైంది అని అడగాలనిపించింది.

ఆయన పోయాక ఇంకో డాక్టరమ్మ మమ్మల్ని తన గదికి పిలిచింది. చిన్న వయసు. బళ్లారి పక్క మనిషి, తెలుగు మా మాదిరే మాట్లాడుతుంది. అక్కకు ఆ ఒక్క సంగతితోనే ఆమె మీద గురి కుదిరింది.

"చూడమ్మా, ఈ తెల్లమచ్చ రెండు రకాలుగా రావచ్చు" అంది డాక్టరమ్మ. "గడ్డ మళ్లా వచ్చిందన్నా అయ్యుండాల. లేదంటే రేడియేషన్‌కు లోపల పుండు పడి, అది వాచిందన్నా అయ్యుండాల. రెండూ ఫిల్ములో ఒకే మాదిరి తెల్లగా కనపడతాయి. గడ్డ అయితే ఆపరేషన్ చేయాల. పుండు అయితే వాపు మాత్రలు ఇచ్చి ఊరికే ఉంటే చాలు, అదే తగ్గుతాది. మా కంటికి తేడా తెలీడం లేదు."

"మరి యట్ల తెలుస్తాది మేడమ్?" అంది అక్క.

అప్పుడు ఆమె కంప్యూటరు సంగతి చెప్పింది. ఇలాంటి మచ్చలు వచ్చిన పాత పేషెంట్ల స్కాన్‌లన్నీ దానికి చూపించి నేర్పించారట. ఎవరికి గడ్డ తిరిగొచ్చిందో, ఎవరికి వట్టి పుండేనో తర్వాత తేలింది కదా, ఆ జవాబులు కూడా దానికి ఇచ్చారట. ఇప్పుడు కొత్త మనిషి స్కాన్ ఇస్తే, కంటికి ఆనని సన్న తేడాలు పట్టుకుని ఇది గడ్డ కావచ్చు, ఇది పుండు కావచ్చు అని చెబుతుందట. ఇంకా పరీక్షలో ఉన్న పద్ధతేనని, అది కూడా తప్పులు చేస్తుందని, దాని మాట ఒక్కటే విని ఏదీ చేయబోమని గట్టిగా చెప్పింది.

"మావోళ్ల తలకాయలు గూడా చూపించినారా దానికి?" అని అడిగింది అక్క. "మావి ఎండకు కాలిన తలకాయలు మేడమ్."

డాక్టరమ్మ నవ్వింది. "తక్కువే చూపించినాం. నువ్వు ఒప్పుకుంటే నీది గూడా చేర్చుకుంటాం."

"చేర్చుకోండి. ఊరికే ఉండాది గదా."

నాకు ఒళ్లు మండింది. చావు బతుకుల మాట జరుగుతుంటే ఈమెకు పరాచికాలేమిటని మోచేత్తో పొడిచాను. అక్క నన్ను తిరిగి పొడిచింది.

కంప్యూటరుకు ఒక్క స్కాన్ చాలదని, ముందు తీసినదాన్ని పక్కన పెట్టి, ఎక్కడ ఎలా మారిందో చూస్తేనే దాని మాటకు బలమని డాక్టరమ్మ చెప్పింది. ఫిల్ములు పనికిరావట, అనంతపురంలో ఇచ్చిన సీడీ కావాలట. బావ సంచి అంతా కుమ్మరించాడు. చీటీలున్నాయి, ఫిల్ములు మడత పడకుండా అట్టల మధ్య ఉన్నాయి. పెళ్లి చీర దాచినట్టు దాచాడు వాటిని. సీడీ మాత్రం లేదు.

"సీడీ అంటే ఆ పళ్లెం మాదిరి మెరిసేదేనా?" అంది అక్క. "అది చేన్లో కట్టినా గదా."

డాక్టరమ్మకు అర్థం కాలేదు. నాకు అర్థమైంది, నెత్తి కొట్టుకున్నాను. మా వైపు జొన్న కంకి పాలు పోసుకునే వేళకు పిట్టల బెడద ఎక్కువ. చేలో కట్టెలు పాతి, తాడు లాగి, పాత సీడీలు వరసగా వేలాడదీస్తారు. గాలికి తిరిగి ఎండకు తళుక్కుమంటుంటే పిట్టలు బెదిరి వాలవు. పాత పాటల సీడీలు, ఎవరి పెళ్లివో వీడియో సీడీలు, అన్నీ అలా చేలల్లోనే చివరికి తేలతాయి. డాక్టర్లు చూసేది ఫిల్మునే కదా, ఈ పళ్లెం ఊరికే జతగా ఇచ్చారనుకుంది అక్క. కొత్తది, బాగా మెరుస్తోంది. కట్టేసింది.

"నా తలకాయలో ఉండేది చూసినంక పిట్టలు అటుపక్కకే రాలేదు మేడమ్, ఒట్టు" అంది. డాక్టరమ్మ బల్ల మీద తల వాల్చి నవ్వింది. బావ కూడా నవ్వాడు. నేను మాత్రం నవ్వలేదు.

స్కాన్ సెంటర్‌లో అడిగి చూడమంది డాక్టరమ్మ. అనంతపురం రాగానే పోయాం. కంప్యూటరు నిండిపోతే పాతవి తీసేస్తామని, అక్కది కూడా అలాగే పోయిందని చెప్పారు. ఇక మిగిలింది చేనే. అక్కను ఇంట్లో మా ఆయనకు అప్పగించి, నేనూ బావా ఉరవకొండ మీదుగా బస్సెక్కాం. దారి పొడుగునా నేను బావను దులిపాను. ఇంటినిండా పాత పాటల సీడీలు పెట్టుకొని, ఆస్పత్రి సీడీయే దొరికిందా కట్టడానికి అని. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నీ విన్నాడు.

జొన్న కోత అయిపోయింది, మోడులే ఉన్నాయి. సీడీల తాడు మాత్రం ఇంకా చేనికి అడ్డంగా వేలాడుతోంది. అక్కది ఏదో బావ ఇట్టే చూపించాడు. అన్నీ సుతిలి తాడుతో కట్టి ఉంటే దాన్ని మాత్రం అక్క తన చీర అంచు చింపి కట్టింది. విప్పి చేతిలోకి తీసుకుంటే మెరుపు పొర పొట్టులా రాలి నా వేళ్లకంటుకుంది. అవతల ఉన్న బావ మొహం దానిలోంచి కనబడింది. ఇక ఏ మిషనూ దాన్ని చదవదని తెలియడానికి సైన్సు చదవనక్కరలేదు.

"మీయక్క తలది గదా అని మంచి జాగా చూసి మధ్యలో కడతానన్యాది. నేనే కట్టె పాతినా" అన్నాడు బావ. "వద్దని యట్లంటా?" ఆయన గట్టుమీద కూర్చుండిపోయి కళ్లు తుడుచుకున్నాడు. అప్పుడు నాకు ఆయన మీద కోపం పోయి, ఆయన పక్కన కూర్చుని నేను కూడా ఏడ్చాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

డాక్టరమ్మకు ఫోన్ చేసి సంగతి చెప్పాను. ఆమె రెండు దారులు చెప్పింది. పెద్ద డాక్టరు అన్నట్టు ఇప్పుడే తల తెరవడం ఒకటి. మచ్చ ఉన్న చోటు మాటకూ కుడిచేతికీ దగ్గర. తెరిస్తే అవి పోవచ్చు. తెరిచి చూశాక అది పుండేనని తేలితే, ఊరికే పోగొట్టుకున్నట్టు. రెండోది, మొన్న తీసిన స్కాన్‌నే మొదటిదిగా లెక్కపెట్టి, వాపు మాత్రలు వేసి, రెండు నెలలు ఆగి ఇంకో స్కాన్ తీసి, రెండింటినీ కంప్యూటరుకు ఇవ్వడం. అది గడ్డే అయితే ఆ రెండు నెలల్లో పెరిగిపోతుంది, తర్వాత చేయడానికి ఏమీ మిగలకపోవచ్చు. మూడు రోజుల్లో చెప్పండి అంది.

సీడీ ఉండి ఉంటే ఈ పరీక్ష మాకు వచ్చేదే కాదు. బావ పెద్ద డాక్టరు మాటే వినాలన్నాడు. నాకు ఏదీ తోచలేదు. బడిలో పిల్లలకు మెదడు బొమ్మ గీసి భాగాలు గుర్తించమనే నేను, అక్క మెదడు విషయంలో పొయ్యి దగ్గర నిలబడి గోళ్లు కొరుక్కున్నాను. తేల్చింది అక్కే.

"మాట పోయినాక బతికి నేనేం జేసేది? మీ బావను యట్ల తిట్టేది?" అంది. "ఆగుదాం పాపా. ఆ కంప్యూటరు ఏం జెప్తాదో ఇంటాం."

పల్లెలో ఫిట్స్ వస్తే వాహనం దొరకడం కష్టమని, ఆస్పత్రికి దగ్గరగా ఉండాలని డాక్టరమ్మ షరతు పెట్టింది. అలా అక్క ఊరికి పోకుండా నా ఇంట్లోనే ఉండిపోయింది. ఆమె పెళ్లయ్యాక మేమిద్దరం ఒక కప్పు కింద అన్నిరోజులు ఉండడం అదే మొదలు.

మర్నాడే ఇంట్లో యుద్ధం మొదలైంది. మా వీధిలో కుళాయి రోజు మార్చి రోజు వస్తుంది. సంపు ఉంది, మిద్దె మీద ట్యాంకు ఉంది. అయినా నీళ్లు రాగానే అక్క బిందెలు, బకెట్లు, కుక్కరు, చివరకు టీ గిన్నె కూడా నింపి పెట్టేది. నేను ఏ గిన్నె తీసుకున్నా అందులో నీళ్లే. "ట్యాంకు నిండుగా ఉందే" అని నేను అరిస్తే, "కంటికి కనపడని నీళ్లు నీళ్లేనా?" అని తను అరిచేది. చిన్నప్పుడు ట్యాంకరు కోసం బిందె పెట్టుకుని ఎండలో వరసలో నిలబడింది తనే. నేను ఆమె నీడలో కూర్చునేదాన్ని. ఆ సంగతి గుర్తొచ్చి నేనే నోరు మూసుకునేదాన్ని. నోరు మూసుకోవడం నాకు అలవాటు లేని పని.

వాపు మాత్రలకు ఆకలి విపరీతంగా వేస్తుంది. పొద్దున బొరుగుల ఉగ్గాని, బజ్జీలు తిని, ఇంకాసేపటికి జొన్న రొట్టెలో వేరుశనగ ఊరిబిండి పెట్టుకుని తినేది. మధ్యాహ్నం సంగటి ముద్ద. మొహం గుండ్రంగా, నున్నగా అయింది. అద్దంలో చూసుకుని, "మీ బావ ఈసారి వస్తే ఎవరో ఆఫీసరమ్మ అనుకోని చెప్పులు ఇడిసి నమస్కారం పెడతాడు" అంది. బావ వారానికోసారి పెరుగు ముంత పట్టుకొని వచ్చేవాడు. నిజంగానే చెప్పులు వాకిట్లో విడిచి, గుమ్మం దగ్గరే కూర్చునేవాడు. ఎట్లుండావని ఒక్కసారి కూడా అడిగేవాడు కాదు. ఆమె ఎంత తిన్నదో నన్ను అడిగి తెలుసుకుని, తృప్తిగా సాయంత్రం బస్సుకు పోయేవాడు.

ఆదివారాలు ఆమెకు నేను తల దువ్వేదాన్ని. కరెంటు పెట్టినచోట చర్మం నున్నగా, పల్చగా ఉండేది. చుట్టూ కొత్త వెంట్రుకలు మొలుస్తున్నాయి. ఆ పల్చటి చోటు కింద, వేలు పెట్టి చూపించేంత దగ్గర్లో తెల్లమచ్చ ఉందని తెలిసి దువ్వెనను దాని చుట్టూ తిప్పి తీసేదాన్ని. చిన్నప్పుడు ఆమె నా జుట్టు రెండు పాయలు తీసి రిబ్బన్లు బిగించి కడితే, కళ్లు పైకి లాక్కుపోయేవి. నేను ఏడిస్తే నెత్తిన మొట్టేది. ఇప్పుడు నేను దువ్వుతుంటే, "గట్టిగా దువ్వు. నీకేం భయం, ఊడేవన్నీ ఊడినాయి గదా" అనేది. నేను గట్టిగా దువ్వలేకపోయేదాన్ని.

సాయంత్రాలు మిద్దెమీద చాప వేసుకుని కూర్చునేవాళ్లం. అవతల రైలు పోతే ఆగి, అది పోయాక మళ్లీ మాట్లాడుకునేవాళ్లం. ఆమె చెప్పే మా బాల్యమూ నాకు గుర్తున్న బాల్యమూ ఒకటి కాదు. మా చెక్కలో బోరు వేసిన రోజు నీళ్లు పడక వట్టి దుమ్ము లేచిందని, నాయన ఆ దుమ్ములో నిలబడి ఏడ్చాడని నాకు గుర్తు. "యాడ ఏడ్చినాడే? నవ్వినాడు. పౌడరు పడింది, అందరూ పూసుకోండి రండి అన్యాడు" అంది అక్క. మొహమంతా తెల్లగా, కనురెప్పలు కూడా తెల్లగా నాయన నవ్వుతున్నట్టు నాకు కనబడింది. అన్నేళ్లు నేను ఏడుస్తున్న నాయనను దాచుకున్నాను. ఆ సాయంత్రం అక్క నాకు నవ్వే నాయనను ఇచ్చింది. దానికి ఆమెకు ఎంత రుణపడ్డానో అప్పుడు చెప్పలేదు, బజ్జీలు తెచ్చిపెట్టాను.

కంప్యూటరు గురించి కూడా అక్కడే అడిగేది. "నేర్చుకోవడమంటే యట్లనే? అది మనిషి గాదు గదా." నాకు తెలిసినంత చెప్పాను. ఎన్నో చూసి చూసి, వాటిలో పోలికలు పట్టుకోవడమే అని. "అయితే సంతలో దలాలి మాదిరి. వాడూ ఎన్నో ఎద్దుల్ని చూసుంటాడు, పళ్లు చూస్తానే చెప్తాడు" అని అక్క తేల్చేసి, "అట్లని వాని మాట నమ్మి మీ బావ ఒకసారి కుంటెద్దును తోలుకొచ్చినాడు" అంది. నవ్వాను. కుంటెద్దును అమ్మేయవచ్చు, పోయిన రెండు నెలలను తిరిగి తెచ్చుకోలేం.

నా భయం నన్ను ఊరికే ఉండనిచ్చేది కాదు. రోజూ పొద్దున్నే ఆమెను రెండు చేతులూ ఎత్తమనేదాన్ని. ఇదేమిటి, అదేమిటి అని వస్తువులు చూపించి పేర్లు అడిగేదాన్ని. "నువ్వు టీచరువి బడిలో, ఈడ గాదు" అని విసుక్కుంటూనే చెప్పేది. ఒక మధ్యాహ్నం బియ్యం చెరుగుతూ చేతిలో ఉన్న చేట పేరు చెప్పలేకపోయింది. పెదవులు కదిలాయి, మాట రాలేదు. నన్ను చూసింది. ఆమె కళ్లల్లో భయం నేను చూడడం అదొక్కసారే. వెంటనే సర్దుకుని, "అదేనే, నీ మూతి మాదిరి ఎడల్పుగా ఉండేది" అంది. నేను పకపకా నవ్వి, స్నానాలగదిలోకి పోయి కుళాయి తిప్పి ఏడ్చాను. గడ్డే, పెరుగుతోంది, మేం ఆగి తప్పు చేశాం అనుకున్నాను. బయటినుంచి అక్క అరిచింది. "నీళ్లు నిలపవే! ఎవురబ్బ సొమ్మని ఇడిసిపెట్టినావు?" సాయంత్రానికి చేట అన్నమాట దానంతటదే తిరిగొచ్చింది. ఆ తర్వాత దాన్ని కావాలని పదేపదే అన్నది.

అంత భయంలోనూ, బడి విడిచిపెట్టే గంట కోసం నా క్లాసు పిల్లలకంటే నేనే ఎక్కువ ఎదురుచూసేదాన్ని. ఆటో దిగి వీధి మలుపు తిరిగితే గేటు పట్టుకుని అక్క నిలబడి ఉండేది. నేను ఒకటో తరగతి పిల్లనైనట్టు నా చేతిలోంచి సంచి లాక్కునేది. ఇంటికి వస్తే మనిషి ఉండడం ఎంత బాగుంటుందో నాకు అప్పుడే తెలిసింది. ఒక్కోసారి, ఆ సీడీ ఎండకు పాడైపోవడం మంచిదే అయిందన్న ఆలోచన వచ్చేది. వచ్చినందుకు నన్ను నేనే తిట్టుకునేదాన్ని. మళ్లీ వచ్చేది.

రెండు నెలలు నిండాయి. బెంగుళూరు పోయి స్కాన్ తీయించుకుని, మర్నాడు డాక్టరమ్మ గదిలో కూర్చున్నాం. ఆమె తెర మీద అక్క మెదడును చూపించింది. పాతది ఒకపక్క, కొత్తది ఒకపక్క. కొత్తదాని మీద కంప్యూటరు రంగులు వేసింది. గడ్డ అని అనుమానం ఉన్నచోట ఎరుపు, పుండు అనుకున్నచోట నీలం. మచ్చ నిండా నీలమే. ఒక అంచున మాత్రం కుంకుమ చుక్కంత ఎరుపు.

"పుండే అంటాంది కంప్యూటరు" అంది డాక్టరమ్మ. "దాని మాట ఒకటే కాదు. మేమందరం కూర్చోని చూసినాం. మచ్చ కొంచెం చిన్నదయింది గూడా. పెద్ద డాక్టరు గారు గూడా ఆపరేషన్ వద్దన్నారు. ఆ ఎర్రచుక్క కోసం మూడు నెలలకొకసారి వచ్చి చూపించుకోవాల. నూటికి నూరు అని నేను చెప్పలేను తల్లీ. కానీ ఇంటికి పోవచ్చు."

బావ చేతులెత్తి తెరకు దణ్ణం పెట్టాడు. నేను అక్కను పట్టుకుని ఏడ్చాను. అక్క నన్ను విడిపించుకుని ముందుకు వంగి ఆ నీలిరంగును చాలాసేపు చూసింది. "అంతా నీళ్ల రంగే ఉండాది. మంచిదేలే" అంది.

ఆ మాట నిలిచింది. అక్క ఆ తర్వాత కొన్ని పంటలు తీసింది, మా అమ్మాయి కన్న మనవరాలిని ఎత్తుకుంది, బావను కడుపునిండా తిట్టింది. చివరికి ఆ ఎర్రచుక్క పక్కనే గడ్డ నిజంగా లేచింది. అప్పుడు కంప్యూటరుదీ డాక్టర్లదీ ఒకటే మాట. ఆమె తన తల స్కాన్‌లన్నింటినీ ఆ కంప్యూటరుకు నేర్పడానికి వాడుకోమని ముందే వేలిముద్ర వేసి ఇచ్చింది. ఎక్కడో ఎవరో ఒక అక్కను ఇంటికి పొమ్మని అది చెప్పినప్పుడు, ఆ చెప్పడంలో మా అక్క పాలు కూడా ఉంటుందని నా నమ్మకం.

కానీ నాకు ఎక్కువగా గుర్తొచ్చేది బెంగుళూరు నుంచి తిరిగొచ్చిన మర్నాటి పొద్దు. ఆమె నా ఇంట్లో ఇంకా కొన్నాళ్లు ఉంటుందని నేను అనుకున్నాను. నిద్రలేచేసరికి అక్క స్నానం చేసి, సంచి సర్దుకుని, బావతో వాకిట్లో నిలబడి ఉంది. నేను బడికి సెలవు పెట్టి బస్టాండుకు వెంట పోయాను. దారంతా మూతి ముడుచుకునే ఉన్నాను.

"ఇంకో వారం ఉంటే ఏం పోతాది?" అన్నాను బస్సు మెట్ల దగ్గర. ఆమెతో ఉండి ఉండి నాకు మళ్లీ మా ఊరి యాస వచ్చేసింది.

అక్క నా చెంప నిమిరింది. "బాగైనంక గూడా నీ దగ్గరే ఉంటే, బాగైనట్టు యట్లవుతాదే పాపా?" అంది.

ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. బస్సు కదలకముందే బావవైపు తిరిగి, కందికి మందు కొట్టావా లేదా, కాలవ గట్టు ఎవరు తెంచారు అని మొదలుపెట్టింది. అప్పటికే ఆమె ఊళ్లో ఉంది, చేలో ఉంది. బస్సు పోయేదాకా చెయ్యి ఊపాను. ఆమె ఇటు చూడలేదు.

ఆటోలో ఎక్కి కూర్చున్నాక ఏడుపు ఆగలేదు. అంత మంచి కబురు విని కూడా, ఆ కంప్యూటరు ఇంకొన్నాళ్లు తేల్చకుండా నానబెట్టి ఉంటే ఏం పోయేదని ఏడ్చాను. డ్రైవరు అద్దంలోంచి చూస్తూ చూస్తూ, ఇక ఉండబట్టలేక, ఆటో పక్కకు ఆపాడు.

"ఏమైందమ్మా? ఇంట్లో ఎవరికన్నా బాగలేదా?"

"లేదప్పా" అన్నాను. "మా అక్కకు బాగైపాయ."